ప్రోలాగ్‌లో ‘లేదు’ వేరు, ‘తప్పు’ వేరు

ప్రశ్న: ఊళ్ల మధ్య దారి వెతికే ప్రోగ్రామును ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. తిరుపతి నుంచి మదనపల్లెకు పీలేరు మీదుగా ఒక దారిని, చిత్తూరు, పలమనేరు, పుంగనూరుల మీదుగా మరొక దారిని దూరాలతో సహా ఇచ్చాను. పీలేరు దారిలో ఒక దూరం పొరపాటున అంకెల్లో కాక అక్షరాల్లో పడటంతో ఎర్రర్ వచ్చేది. ఏ ఎర్రర్ వచ్చినా ఫెయిల్ అయ్యేలా మొత్తం ప్రశ్నను, ఎర్రర్లను పట్టుకునే క్యాచ్‌లో పెట్టాక, అసలు దారే లేదంటోంది. రెండో దారి ఏమైనట్లు?
– ఎంసీఏ విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండో దారిని ప్రోలాగ్ చూడనే లేదు. ఫెయిల్ కావడమంటే ఈ దారిన సాధ్యం కాలేదని తేలడం. అప్పుడు బ్యాక్‌ట్రాకింగ్ (వెనక్కి వెళ్లి మరో దారి చూడటం) జరిగి, మిగిలిన ప్రత్యామ్నాయాలు ఒక్కొక్కటిగా పరీక్షకు వస్తాయి. ఎక్సెప్షన్, అంటే ఎర్రర్ పుట్టడం, అలా కాదు. అక్షరాల్లో ఉన్న దూరాన్ని కూడబోయినప్పుడు టైప్ ఎర్రర్ (విలువ ఉండాల్సిన రకంలో లేదనే ఎర్రర్) పుట్టి, నియంత్రణ నేరుగా క్యాచ్ దగ్గరకు వెళ్లిపోతుంది. ఆ క్యాచ్ లోపల మొదలైన వెతుకులాటలో మిగిలి ఉన్న ప్రత్యామ్నాయాలన్నీ, వాటితో పాటు మీ పలమనేరు దారీ, రద్దవుతాయి. ఆపైన మీరు రాసిన ఫెయిల్ ఆ రద్దుకు ‘లేదు’ అనే ముద్ర వేసింది. నా దృష్టిలో ఎర్రర్‌తో ఆగిపోయే ప్రోగ్రాము కంటే ఇలా నిబ్బరంగా అబద్ధం చెప్పే ప్రోగ్రామే ప్రమాదకరం.

1995 నాటి ఐఎస్ఓ ప్రమాణం నిర్దేశించిన పద్ధతి ప్రకారం, ఎర్రర్‌ను విసిరే త్రో, తనకిచ్చిన పదానికి (టర్మ్‌కు) నకలు తీసుకుంటుంది. క్యాచ్ మొదలైనప్పటి నుంచి చరరాశులకు కలిగిన విలువలన్నీ వెనక్కి పోతాయి. ఆ తర్వాతే నకలును క్యాచ్ రెండో ఆర్గ్యుమెంటుతో, అంటే ఏ ఎర్రర్‌ను పట్టాలో చెప్పే నమూనాతో, యూనిఫై చేస్తారు (సరిపోల్చి కలుపుతారు), కుదరకపోతే ఎర్రర్ ఇంకా బయటి క్యాచ్‌కు వెళుతుంది. అందువల్ల ఏ ఊరి దగ్గర తప్పు జరిగిందో, ఎర్రర్ పట్టుబడ్డాక నడిచే రికవరీ భాగానికి తెలియాలంటే, ఆ ఊరి పేరును విసిరే పదంలోనే పెట్టాలి. ప్రోగ్రాము నడుస్తుండగా అసర్ట్‌తో చేర్చిన వాస్తవాలు మాత్రం చెరిగిపోవు.

రెండో ఆర్గ్యుమెంటుగా మీరు ఉత్త చరరాశిని ఇచ్చినట్లున్నారు. అది దేనితోనైనా కుదురుతుంది కనుక, ప్రెడికేట్ (ప్రోలాగ్‌లో పేరుతో పిలిచే నియమాల సమూహం) పేరులో అక్షరం తప్పు పడి, అలాంటిది లేదని వచ్చే ఎర్రర్‌ను కూడా మింగేస్తుంది. క్యాచ్‌ను దూరం కూడే ఒక్క లక్ష్యానికే పరిమితం చేసి, టైప్ ఎర్రర్‌ను మాత్రమే పట్టుకోండి. అప్పుడు ఆ ఒక్క దారే ఫెయిలై, వెతుకులాట చిత్తూరు వైపు సాగుతుంది. అంతకంటే మేలైనది, వెతకడానికి ముందే ప్రతి దూరమూ సంఖ్యేనా అని నంబర్ ప్రెడికేట్‌తో సరిచూసుకోవడం.