మన్రో కథలు ఇక చదవలేకపోతున్నానన్న ప్రశ్నకు

కూతుర్ని వేధించిన భర్తతోనే కెనడా కథారచయిత్రి ఆలిస్ మన్రో ఉండిపోయిందని తెలిశాక ఆవిడ కథలు చదవలేకపోతున్నానని అడిగారు. మీరు కథ చదవట్లేదు, ప్రతి వాక్యంలో ఆవిడ సంజాయిషీ వెతుకుతున్నారు. అందుకే రెండు పేజీలు దాటట్లేదు.

1. సారాంశాలు, వీడియోలు పక్కన పెట్టి, ఆలిస్ మన్రో చిన్న కూతురు 2024 జులైలో టొరంటో స్టార్ పత్రికలో రాసిన వ్యాసం చదవండి. మొదట వినాల్సిన గొంతు ఆమెది.

2. చాలామంది వదిలేసేది తేదీలు. సవతి తండ్రి తనను చిన్నప్పుడు లైంగికంగా వేధించాడని కూతురు తల్లికి ఉత్తరం రాసింది 1992లో. మన్రో కొన్నాళ్ళు విడిగా ఉండి తిరిగి అతని దగ్గరికే వెళ్ళింది. 2005లో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాక కూడా వదల్లేదు. కాబట్టి కథ మొదలెట్టే ముందు అది అచ్చయిన ఏడాది చూడండి. 1992కి ముందువాటిలో ఈ ఉత్తరం నీడ వెతకడం దండగ. తర్వాతవాటిలో 'వాండల్స్' (1993) తీయండి. లైజా అనే పిల్లను కాపాడగలిగీ కాపాడని బీ అనే ఆడమనిషి అందులో ఉంది. ఈసారి లైజా పక్కన నిలబడి చదవండి. కథ మెత్తబడదు, ఇంకా భయంకరమవుతుంది (నాకైతే అది ఆవిడ రాసినవాటిలో అతి నిర్దయమైన కథ).

3. అప్పటికీ కడుపులో తిప్పితే మూసేయండి. నోబెల్ వచ్చినంత మాత్రాన చదివి తీరాలని లేదు.