పోలీసుల దౌర్జన్యం నుంచి పుట్టిన చిత్రంలో పోలీసే ఎందుకు లేడు?

మీరు న్యూయార్క్‌లోని మోమా (ఆధునిక కళల మ్యూజియం)లో నల్లజాతి అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ వేసిన ‘డై’ (చచ్చిపో) చిత్రం చూశారట. అమెరికాలో 1967 నాటి నల్లవాళ్ల తిరుగుబాట్ల చిత్రమని చెబుతారు గానీ అందులో ఒక్క పోలీసు యూనిఫారమూ లేదేమని అడిగారు. నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరని చిత్రం ఇది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేనుండేది న్యూజెర్సీలో. రైల్లో న్యూయార్క్ వెళ్లేటప్పుడు నెవార్క్ దాటుతాను. 1967 జులై 12 రాత్రి ఆ ఊళ్లో జాన్ స్మిత్ అనే నల్లజాతి టాక్సీ డ్రైవరును పోలీసులు పట్టుకుని చితకబాదారు. అతన్ని స్టేషన్‌లోకి ఈడ్చుకుపోతుంటే ఎదురుగా ఉన్న ప్రభుత్వ గృహసముదాయంలోని జనం కళ్లారా చూశారు. మనిషి చచ్చిపోయాడని పుకారు పాకింది, ఊరు భగ్గుమంది. అంతా చల్లబడేసరికి 26 మంది పోయారు, ఎక్కువమంది నల్లవాళ్లే. అదే నెల 23న డెట్రాయిట్‌లో ఒక బార్ మీద పోలీసుల దాడితో మొదలైన గొడవలో మరో 43 మంది పోయారు.

రింగ్‌గోల్డ్ న్యూయార్క్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే హార్లెంలో పుట్టారు, బడిలో చిత్రకళ బోధించేవారు. ఆ వేసవిలో మూసి ఉన్న ఒక గ్యాలరీలో ఈ పన్నెండు అడుగుల చిత్రం వేశారు. యుద్ధ విధ్వంసం మీద పికాసో బూడిదరంగుల్లో వేసిన ‘గెర్నికా’ చిత్రం అప్పట్లో మోమాలోనే ఉండేది. దాన్ని ఆమె ఎంతగా చదువుకున్నారో వెనకనున్న బూడిదరంగు గళ్లు చూస్తేనే తెలుస్తుంది.

2019లో మోమా గదులను తిరిగి సర్దినప్పుడు దీన్ని పికాసో ‘అవిన్యోన్ యువతులు’ చిత్రం ఉన్న గదిలో పెట్టారు. మా అమ్మాయితో కలిసి అక్కడే మొదటిసారి చూశాను. తను చాలాసేపు చూసి, “నాన్నా, ఇందులో ముందు కొట్టింది ఎవరు?” అని అడిగింది. ఇద్దరం వెతికాం. ఒకరి చేతిలో తుపాకీ ఉంది, ఒకరి చేతిలో కత్తి ఉంది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు, అందరి ఒంటి మీదా అదే ఎరుపు. మొదలు మాత్రం దొరకలేదు.

మీ ప్రశ్నకు జవాబు ఆ బట్టల్లో ఉందని నా నమ్మకం. మగవాళ్లు తెల్లచొక్కాలు, ఆడవాళ్లు మంచి గౌన్లు వేసుకున్నారు. ఆఫీసుకో విందుకో బయల్దేరినట్టున్నారు. అలాంటివాళ్లే కదా గ్యాలరీకి వచ్చేదీ! లాఠీ పట్టిన పోలీసును గీసి ఉంటే చూసేవాళ్లు తప్పంతా అతని మీదకు నెట్టి ఇంటికి వెళ్లిపోయేవారు. ఆమె వాళ్లకు ఆ అవకాశం ఇవ్వలేదు. దీనివల్ల పోలీసుల నేరం మరుగున పడలేదా అని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయం ఉంది. అయినా ఆ పోలీసుకు జీతమిచ్చి, అండగా నిలిచే సమాజాన్నే ఆమె బోనెక్కించారని నేను అనుకుంటాను.

ఈసారి వెళ్తే దగ్గరగా నిలబడి ఆ గుంపు నడుమనున్న ఇద్దరు పిల్లల్ని చూడండి. ఒక నల్ల బిడ్డ, ఒక తెల్ల బిడ్డ, ఒకరినొకరు గట్టిగా పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నారు. పెద్దల్లో ఎవరూ వాళ్లవైపు వంగలేదు. మ్యూజియంలో ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. వాషింగ్టన్ వెళ్లే పని ఉంటే అక్కడి నేషనల్ గ్యాలరీ సేకరణలో ఆమె అదే ఏడాది వేసిన ‘ద ఫ్లాగ్ ఈజ్ బ్లీడింగ్’ (జెండా నెత్తురోడుతోంది) అనే చిత్రం ఉంది. దాన్నీ వదలకండి.