అమ్ములూ, వాల్టర్ వైట్ ఇంటి గురించి మాట్లాడించే ముందు

నెల్లూరు

చి॥ అమ్ములుకు మీ అత్త ఆశీస్సులు.

ఒంగోల్లో మీ మేడ మీద స్నేహితుల్ని పోగేసి ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే అమెరికా సీరియల్ మీద వారం వారం చర్చ పెడుతున్నావంట, అందులో తండ్రి వాల్టర్ వైట్ గురించి. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగానే చెప్పాడు కానీ గొంతులో బెరుకు కూడా ఉంది. నాకూ రెండూ ఉన్నాయి. చిన్నప్పుడు మీ నాయనమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూస్తా, "ఆయన ఆ మాట ముందే ఎందుకు చెప్పలా?" అని మా ప్రాణాలు తోడేసేదానివి. ఆ ప్రశ్నకి తగిన కథనే పట్టుకున్నావు.

అయితే రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టడమేంది? ఆడపిల్లలు ఇళ్లకెట్టా చేరతారు? ఐదున్నరకి పెట్టి ఎనిమిదికల్లా పంపించెయ్. సన్నివేశం కింద హాల్లో టీవీలో చూపించు, మాటలకి మేడెక్కండి. పదిమందికి మించనియ్యబాకు. కథ చివరిదాకా చూడని వాళ్లని పిలవబాకు, ముగింపు ముందే తెలిసిపోయిందని అలుగుతారు. తినడానికి బొరుగులు చాలు.

2008 జనవరి నుంచి 2013 సెప్టెంబరు దాకా వచ్చిన 62 భాగాలూ మీరు మాట్లాడుకోలేరు. క్యాన్సరొచ్చి, ఇంట్లో తెలీకుండా మత్తుమందు వండే కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్, ఆ తండ్రి గురించే కాబట్టి ఆరు భాగాలు, ఆరు వారాలు. ఒకటో సీజన్లో ఐదోది, రెండులో పదోది, నాలుగులో పదోది, ఐదులో నాలుగోది, పద్నాలుగోది, ఆఖరిది. అందరూ ఇంటికాడ భాగమంతా చూసి రావాలి. నువ్వు చూపించాల్సింది నాలుగైదు నిమిషాల ముక్కే. ఒకసారి మామూలుగా, ఇంకోసారి శబ్దం తీసేసి చూపించు. రెండో సీజన్ పదో భాగంలో వాల్టర్ తన కొడుక్కి టెకీలా అనే మందు గ్లాసు మీద గ్లాసు పోసే చోట ఇది బాగా పనికొస్తుంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే నడక, మాట తడబడే జబ్బు ఉన్న పిల్లాడు, ఇంకా పదహారు నిండలేదు. తోడల్లుడు హ్యాంక్ సీసా తీసేస్తే వాల్టర్ తెమ్మని పట్టుబడతాడు, చివరికి పిల్లాడు ఈతకొలనులో కక్కుకుంటాడు. శబ్దం లేకుండా చూసేటప్పుడు ఎవరి చూపు ఎటు పోతోందో రాసుకోమను. ఆ పందెం కొడుకుతోనా, తోడల్లుడితోనా అన్నది వాళ్లకే అర్థమవుతుంది.

మొదటి వారమే ఒక్కొక్కరికి ఒక్కో మనిషిని పంచు: వాల్టర్ పెళ్లాం స్కైలర్, ఫ్లిన్ అని పిలిపించుకునే కొడుకు, మత్తుమందుల్ని పట్టే పోలీసు హ్యాంక్, అతని పెళ్లాం, స్కైలర్ చెల్లెలు మేరీ, వాల్టర్‌తో కలిసి మత్తుమందు వండే జెస్సీ. ఎవరు ఎవర్ని తీసుకుంటే వాళ్లకి ఆ క్షణానికి తెలిసినదాంట్లో నుంచే మాట్లాడాలి. దీనికి ఒక చార్టు రాసి గోడకి అంటించు. క్యాన్సర్ సంగతి ముందు మనకి తెలుస్తుంది, తర్వాత స్కైలర్‌కి, ఆ తర్వాత కొడుక్కి. మత్తుమందు సంగతి స్కైలర్ మూడో సీజన్ మొదట్లో పసిగడుతుంది. హ్యాంక్‌కి ఐదో సీజన్ ఎనిమిదో భాగంలో తెలుస్తుంది. కొడుక్కి పద్నాలుగో భాగం దాకా తెలీదు. ఈ చార్టు లేకపోతే అందరూ దేవుళ్లలా అన్నీ తెలిసి తీర్పులు చెబుతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కథ గురించి మాట్లాడుకున్న వాళ్లు మొదట్నుంచీ చేసిన తప్పు ఒకటుంది, నీ మేడ మీద కూడా అదే జరుగుతుందేమోనని నా భయం. అందరూ స్కైలర్ మీద పడ్డారు. మత్తుమందు వండి మనుషుల్ని చంపించినవాడు మొనగాడు, రాత్రి యాడికి పోయావని అడిగిన పెళ్లాం గయ్యాళి. ఆ ద్వేషం పాత్ర దాటి నటి మీదికి పోయింది. స్కైలర్‌గా చేసిన ఆన్నా గన్‌ని చంపాలని ఉంది, యాడుంటుందో చెప్పమని ఇంటర్నెట్‌లో రాసినవాడు కూడా ఉన్నాడు. 2013 ఆగస్టులో ఆమే దాని గురించి న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాయాల్సొచ్చింది. ఆ పాత్రకే 2013లోనూ 2014లోనూ ఎమ్మీ అనే టీవీ అవార్డు అందుకుంది.

ఎందుకట్టా జరిగిందో నీకు తెలిసి ఉండాలి, అప్పుడే ఆపగలవు. వాల్టర్ రహస్యం మనకి మొదటి భాగంలోనే చెప్పేశారు. దాంతో మనం అతనితో కలిసి దాచే మనుషులమైపోయాం. దాచేవాడికి అడిగేవాళ్లంటే చిరాకు, ఆ చిరాకే మనకీ అంటింది. కథంతా ఎత్తుకి పైఎత్తుగా నడుస్తుంది కాబట్టి అతని ఎత్తు పారాలని మనకీ ఉంటుంది, దానికి అడ్డొచ్చిన మనిషి ఎవరైనా విసుగే. ఇంకోటి కాలం. మొదటి భాగంలో పళ్లెంలో బేకన్ ముక్కల్తో 50 అని పేర్చి పుట్టినరోజు చేస్తారు కదా, ఐదో సీజన్ నాలుగో భాగంలో అదే 51 అవుతుంది. చూసేవాళ్లకి ఆ రెంటి మధ్య 2008 జనవరి నుంచి 2012 ఆగస్టు దాకా గడిచింది. స్కైలర్‌కి ఒక్క ఏడు. ఆ ఏడులోనే మొగుడికి క్యాన్సర్, చేతిలో పసిబిడ్డ, అన్నీ అబద్ధాలని తెలియడం, ఇంట్లో దొంగడబ్బు, చావుభయం. ఇంకా ఎందుకు విడిపోలేదని ఎవరైనా తేలిగ్గా అంటే, ఆ రెండు అంకెలూ బోర్డు మీద రాసి చూపించు.

ఆ 51 భాగానికి ఒక సాయంత్రమంతా ఇవ్వు. భోజనాల మధ్యలో ఆమె లేచి ఈతకొలనులోకి నడిచిపోతుంది, పిల్లల్ని ఆ ఇంట్లోంచి బయటికి పంపాలని. తర్వాత పడగ్గదిలో ఆమె ఒక్కో దారి చెబుతుంటే అతను ఒక్కోదాన్నీ మూసేస్తాడు. కాగితం రెండు వరసలు చేసి, ఆమె చెప్పిన దారి ఒకవైపు, అతని జవాబు ఇంకోవైపు రాయించు. నీ క్యాన్సర్ తిరగబెట్టేదాకా కాచుకునుంటా అనే మాట ఆ వరస చివర్లో వస్తుంది. అక్కడ ఆపి, "ఈమె వదిలేసిన దారి ఇంకోటేదన్నా ఉంటే చెప్పండి" అని అడుగు. తొందరపెట్టబాకు, ఆలోచించుకోనీ.

అట్టాగని ఆమెని దేవతని చెయ్యబాకు. తను పనిచేసే కంపెనీ యజమాని బెనెకీతో సంబంధం పెట్టుకుంది, అతని దొంగలెక్కలు తెలిసీ ఊరుకుంది, కార్ వాష్ కొని దొంగడబ్బుని తెల్లడబ్బు చేసింది. అవన్నీ మాట్లాడండి. ఎవరు ముందు ఎవర్ని ఏ మూలకి నెట్టారన్న వరస తప్పకుండా మాట్లాడండి.

"అంతా మీ కోసమే" అనే మాట ప్రతి వారం వస్తుంది. ఒకటో సీజన్ ఐదో భాగం చూపిస్తే దానికి అక్కడే జవాబు దొరుకుతుంది: పాత స్నేహితులు గ్రెచెన్, ఎలియట్ వైద్యం ఖర్చు పెట్టుకుంటామన్నారు, ఇతను వద్దన్నాడు. ఆఖరి భాగంలో తానే స్కైలర్‌తో ఒప్పుకుంటాడు, నా కోసమే చేశా, నాకు నచ్చింది అని. అయినా అదే భాగంలో 97 లక్షల 20 వేల డాలర్లు ఆ స్నేహితుల చేతిలోనే పెట్టి, వాళ్ల పేరుతో కొడుక్కి చేర్చమని బెదిరిస్తాడు. అంతకు ముందు భాగంలోనే ఆ పిల్లాడు నీ డబ్బు నాకొద్దని అరిచి ఫోన్ పెట్టేశాడు. మరి అది ఇవ్వడమా, గెలవడమా? ఇక్కడ గట్టిగా వాదించుకోనీ. పద్నాలుగో భాగంలో పోలీసులు వింటున్నారని తెలిసి అతను ఫోన్లో స్కైలర్‌ని తిట్టే తిట్ల గురించీ ఇట్టాగే రెండు వాదాలుంటాయి, ఆమెని కాపాడ్డానికని కొందరు, లోపలున్నదే కక్కాడని కొందరు. రెండూ నిలుస్తాయి. ఎవరేమన్నా ఫలానా మాట, ఫలానా చూపు అని చూపించి అనాలి, అంతే.

ఇంకొక్కటి, నా మనసులో అన్నిటికన్నా ముందున్నది. "మీ నాన్న ఎట్టా ఉంటాడు?" అని ఎవర్నీ అడగబాకు. తాగొచ్చే నాన్న, మాట్లాడని నాన్న, అప్పులు దాచిన నాన్న ఉన్న పిల్లలు నీ ఎదురుగా ఉంటారు, ఎవరో నీకు తెలీదు. ఒంగోలెంత ఊరని! సాయంత్రం అన్న మాట తెల్లారేసరికి ఇంటికి చేరుతుంది. ఫోన్లో రికార్డు చెయ్యనియ్యబాకు. ఎవరైనా తమ ఇంటి సంగతి తామే ఎత్తితే నోరు మూయించబాకు. కాసేపు విని, నెమ్మదిగా సన్నివేశంలోకి తీసకరా, అందరూ పోయాక ఆ మనిషి పక్కన కూర్చో.

నీకూ అదే చెబుతున్నా. రొయ్యల గుంటలు దెబ్బతిన్న ఏడు మీ నాన్న అప్పు సంగతి మీ అమ్మకి చెప్పకుండా తిరిగాడని నీకు ఇంకా కోపమే. ఉండాల్సిందే. అడగాలనుకుంటే ఇంట్లో, అతని ఎదురుగా అడుగు, కావాలంటే నేనూ వచ్చి కూర్చుంటా. వాల్టర్‌ని అడ్డం పెట్టుకుని పదిమందిలో అడగబాకు తల్లీ. నాలుగో సీజన్ పదో భాగం మాట్లాడించే వారం మరీ జాగ్రత్త. మందుమత్తులో ఏడ్చిన వాల్టర్ తెల్లారి కొడుకుతో, నన్ను ఇట్టా గుర్తుపెట్టుకోబాకు అంటాడు. దానికి ఫ్లిన్, రాత్రి నువ్వు నిజంగా ఉన్నావు, ఈ ఏడంతా ఉన్నట్టు గుర్తుండిపోతేనే బాధ అంటాడు. ఆ చోట నీ గొంతు పట్టేస్తుందని నాకు తెలుసు. ఆ వారం మాట్లాడించే పని ఇంకొకరికి అప్పగించి నువ్వు వింటా కూర్చో.

పాత్రలు పంచాక ఎవరికి ఎవరొచ్చారో నాకు రాసి పంపు. స్కైలర్‌ని మాత్రం ఆడపిల్లకి ఇవ్వబాకు. వాల్టర్ బొమ్మ చొక్కా తొడుక్కుని వచ్చే కుర్రాడు ఒకడు ఎట్టాగూ ఉంటాడు, వాడికివ్వు.

ఇట్లు,
మీ అత్త