హెల్మెట్ లేదని ఆపారు, అరికాళ్ల మీద కొట్టారు

పాఠకుల ప్రశ్నలు - వకీలు జవాబులు

ప్రశ్న: వకీలు గారూ, మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకి ఆనుకున్న పల్లె. మా తమ్ముడు టైల్స్ పని చేస్తాడు. పాతపట్నంలో పెళ్లికెళ్లి, రాత్రి ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని ఒకే బండి మీద వస్తున్నాడు. హెల్మెట్ లేదు. చెకింగ్‌లో ఆపారు. ఫైన్ రాసుకోండి అన్నాడట. వాళ్లు ఒడియాలో ఏదో అన్నారు, వీడికి ఒడియా అంతంతమాత్రం, తెలుగులో గట్టిగా ఎదురు మాట్లాడాడు. నోరు జారాడనే అనుకోండి. చెంప మీద రెండు కొట్టి, జీపెక్కించి థానాకి తీసుకెళ్లి, అక్కడ అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. తెల్లారాక ఒడియాలో రాసున్న కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలేశారు. ఎక్కడైనా ఫిర్యాదు చేస్తే డ్యూటీకి అడ్డొచ్చాడని కేసు పెడతామన్నారట. మా మావయ్యేమో "దండం దశగుణం అన్నారు, రెండు తగిలాయి కాబట్టి ఇక బుద్ధిగా ఉంటాడు, వదిలెయ్యండి" అంటున్నాడు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. తప్పు వీడిదీ ఉంది కదా, అయినా అలా కొట్టొచ్చా?
- ఒక అక్క, గజపతి జిల్లా

జవాబు: కొట్టకూడదమ్మా. తప్పు మీవాడిదీ ఉందన్నారు, ఉంది. ముగ్గురు ఎక్కినందుకు మోటారు వాహనాల చట్టంలో 194సి కింద వెయ్యి రూపాయల జరిమానా, హెల్మెట్ లేనందుకు 194డి కింద ఇంకో వెయ్యి, రెండింటికీ మూడు నెలలు లైసెన్సు పోయే అవకాశం. ఈ తప్పులకి చట్టం వేసిన శిక్ష అంతవరకే. వీటిలో జైలు లేదు, లాఠీ అసలే లేదు.

చాలామంది చూడని సంగతి ఏమిటంటే, దెబ్బల దాకా ఎందుకు, మీవాణ్ని జీపెక్కించడానికే సరైన కారణం కనిపించడం లేదు. అదే చట్టంలో 202 సెక్షన్ ప్రకారం వారంటు లేకుండా పట్టుకోగలిగేది ప్రమాదకరంగా నడిపినవాణ్ని, తాగి నడిపినవాణ్ని, బండి యజమానికి చెప్పకుండా బండి తీసుకుపోయినవాణ్ని. తప్పు చేసినవాడు పేరూ ఊరూ చెప్పనన్నా కూడా పట్టుకోవచ్చు. మీవాడు బండి ఆపి, ఫైన్ రాసుకోండి అన్నాడు. పెళ్లి నుంచి వస్తున్నాడు కాబట్టి తాగాడనే మాట రావచ్చు, ఆ మాట వస్తే మాత్రం అరెస్టు చేసిన రెండు గంటల్లో డాక్టరు చేత పరీక్ష చేయించారా అని అడగండి, ఆ చట్టంలోనే ఉంది.

ఇక బలప్రయోగం సంగతి. 2024 జులై 1 నుంచి అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 43వ సెక్షన్ ఏం చెబుతుందంటే, మనిషి మాటతోనో చేతతోనో లొంగిపోతే సరే, లేకపోతే ఒంటి మీద చెయ్యి వేసి పట్టుకోవచ్చు. బలవంతంగా ఎదిరించినా, తప్పించుకోబోయినా పట్టుకోవడానికి అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చు. 46వ సెక్షన్ దానికో హద్దు పెట్టింది: పారిపోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకు మించి నిర్బంధం ఉండకూడదు. అంటే పోలీసుకి బలం ఇచ్చింది పట్టుకోవడానికే. మనిషి జీపులో కూర్చున్నాక ఆ పని అయిపోయింది. ఆ తర్వాత పడిన ప్రతి దెబ్బా మామూలు నేరమే, ఎవరు కొట్టినా భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 115 కిందకి వస్తుంది. ఏదైనా ఒప్పించడానికో సమాచారం లాగడానికో కొడితే 120వ సెక్షన్, దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, ఎముకలు విరిగేలా కొడితే పదేళ్ల దాకా. నోటితో ఎదురు మాట్లాడటాన్ని బలవంతంగా ఎదిరించడం అనరు. అది మర్యాద కాదంటే ఒప్పుకుంటాను, కానీ మర్యాద నేర్పే డ్యూటీ ఏ చట్టమూ పోలీసుకి అప్పగించలేదు.

మీ మావయ్య గారికి నా తరఫున ఒక మాట చెప్పండి. రెండు దెబ్బలతో ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు? మన ఒడిశాలోనే, 1987 డిసెంబరులో సుందర్‌గఢ్ జిల్లా జరైకెలా ఔట్‌పోస్టుకి ఒక దొంగతనం కేసులో విచారణ అని సుమన్ బెహరా అనే ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల దగ్గర ఒంటినిండా గాయాలతో శవం దొరికింది. వాళ్ల అమ్మ నీలాబతి బెహరా సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని, పారిపోతుంటే రైలు గుద్దిందన్న పోలీసుల మాట నమ్మకుండా, 1993లో లక్షా యాభై వేలు పరిహారం ఇప్పించింది. 2020లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళలు దాటి దుకాణం తెరిచి ఉంచారని తీసుకెళ్లిన తండ్రీకొడుకులు ఇద్దరూ చనిపోయారు. దుకాణం వేళలంటే మీవాడి హెల్మెట్ లాంటి కేసే కదా. "రెండు తగిలిస్తే తప్పేంటి" అని ఊళ్లో పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని అంటుంటారు చూడండి, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ రెండూ ఎప్పుడూ వాళ్ల పిల్లలకి పడవు.

ఇప్పుడు చేయాల్సింది. అన్నిటికన్నా ముందు ఆసుపత్రి, ఈ జవాబు పూర్తిగా చదివే లోపే బయల్దేరినా మంచిదే. అరికాళ్ల మీద కొట్టేది ఎందుకంటే అక్కడి దెబ్బలు ఎవరూ చూడరు, వాపు దిగితే ఆనవాలు దొరకడం కష్టం. సర్కారు ఆసుపత్రికి వెళ్లి, ఎలా తగిలాయో ఉన్నది ఉన్నట్టు డాక్టరుకి చెప్పి, ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకి పనికొచ్చే గాయాల రికార్డు, రాయమనండి. కాలు జారి పడ్డానని మాత్రం చెప్పొద్దు, చాలామంది భయంతో ఇక్కడే కేసు పోగొట్టుకుంటారు. అక్కడ రాయకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లండి. తేదీ కనబడేలా ఫోటోలు తీసి ఉంచండి. అసలు అరెస్టు చేసినవాణ్ని వెంటనే డాక్టరుకి చూపించి, గాయాలుంటే రాయించి, ఆ కాపీ అతనికి ఇప్పించాలని సురక్షా సంహిత 53వ సెక్షన్ చెబుతోంది. మీవాడికి ఆ కాగితం ఇవ్వలేదంటే అది కూడా మీ ఫిర్యాదులో ఒక పాయింటే.

రెండోది, అరెస్టు మెమో. 1996 డిసెంబరులో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇప్పుడు 36వ సెక్షన్‌లో ఉంది: ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షిగా సంతకం చేసిన మెమో ఉండాలి, పట్టుకున్న పోలీసు పేరు బ్యాడ్జి మీద కనబడాలి. ఇంటికి కబురు చెప్పాలన్నది 48వ సెక్షన్. మీకు తెల్లారేదాకా కబురే లేదనుకుంటా. ఇక్కడ వాళ్లని ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటుంది. అరెస్టు చేశాం అంటే మెమో చూపించాలి, చేయలేదంటే ఒక మనిషిని రాత్రంతా థానాలో ఎందుకు ఉంచారో చెప్పాలి. రెండో దానికి న్యాయ సంహిత 127వ సెక్షన్ ఉంది, అక్రమ నిర్బంధం.

ఒడియా కాగితం గురించి. మన సరిహద్దు జిల్లాల్లో ఇది రోజూ జరిగేదే, ఇంట్లో తెలుగు, బడిలో ఏదో కాస్త ఒడియా, థానాలో అంతా ఒడియా. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని. కాబట్టి తెలుగులో చెప్పమని అడగడం పొగరు కాదు, హక్కు. ఇక ముందు ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే, సంతకం తప్పదనుకుంటే దాని కిందే తెలుగులో "ఇది నాకు చదవడం రాదు, చదివి వినిపించలేదు" అని రాసి పెట్టండి. రాయనిస్తారా అంటే అన్ని చోట్లా రాయనివ్వరు, అడిగి చూడండి.

ఫిర్యాదు జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. థానా ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌చార్జి) దగ్గరికెళ్లి అడగడం వల్ల గొడవ తప్ప ఏమీ రాదు. ఎస్పీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టులో సురక్షా సంహిత 175వ సెక్షన్ కింద అఫిడవిట్‌తో దరఖాస్తు. పోలీసు మీద కాబట్టి మేజిస్ట్రేటు పై అధికారి రిపోర్టు తెప్పించుకుని, ఆ పోలీసు చెప్పేదీ విన్నాకే దర్యాప్తుకి ఆదేశించవచ్చు, కొంచెం టైం పడుతుంది. భువనేశ్వర్‌లో మానవ హక్కుల కమిషన్ ఉంది, ఏడాదిలోపు రాయాలి, ఫీజు లేదు. వకీలుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100 కి ఫోన్ చేసి జిల్లా న్యాయ సేవల సంస్థని అడగండి.

ఫిర్యాదులో సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని ఒక లైను తప్పకుండా రాయండి. ప్రతి స్టేషన్‌లో శబ్దంతో సహా రికార్డు చేసే కెమెరాలు ఉండాలని, ఫుటేజీ పద్దెనిమిది నెలలు ఉంచాలని, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉంటుందా లేదా అన్నది వేరే కథ. 2024 సెప్టెంబరులో భువనేశ్వర్ భరత్‌పూర్ థానాలో, ఫిర్యాదు చేయడానికి వెళ్లిన ఆర్మీ ఆఫీసర్నీ ఆయనకి కాబోయే భార్యనీ కొట్టారన్న ఆరోపణ వచ్చినప్పుడు చూస్తే, రాజధానిలోని ఆ థానాలో కెమెరాలే లేవని తేలింది. లేవని రాతపూర్వకంగా జవాబిస్తే అది కూడా మీకు పనికొస్తుంది.

డ్యూటీకి అడ్డొచ్చాడన్న కేసు బెదిరింపు ఉత్తదని చెప్పను. న్యాయ సంహిత 132, నాన్ బెయిలబుల్, రెండేళ్ల దాకా శిక్ష, పెట్టనూవచ్చు. కానీ పెట్టాలనుంటే ఆ రాత్రే పెట్టేవాళ్లు. మీ ఫిర్యాదు వెళ్లాక పెడితే ఆ తేదీయే మీ తరఫు సాక్ష్యం. పైగా ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, అవసరం ఏమిటో రాయకుండా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేశ్ కుమార్ కేసు నుంచీ ఉన్నదే. నోటీసు వస్తే మాత్రం తప్పించుకోకుండా, వకీలుని తీసుకుని వెళ్లండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది చివరికి మీ తమ్ముడి ఇష్టం, రోజూ ఆ దారినే పనికి వెళ్లాల్సింది అతను. ఆసుపత్రి కాగితం మాత్రం రెండు విధాలా చేయించి పెట్టుకోండి, నిర్ణయం తర్వాత తీసుకోవచ్చు.

ప్రశ్న: నేను పోలీసుల్లో చేసి రిటైరయ్యాను. మీలాంటి వకీళ్లు పుస్తకం చూసి మాట్లాడతారు. సంత రోజు సాయంత్రం తాగినవాళ్లు పది మంది, ఇటు నేనూ ఒక హోంగార్డూ. ఒకడు కాలర్ పట్టుకుంటాడు, ఇంకొకడు రాయి తీస్తాడు. అప్పుడు సెక్షన్ చదివి వినిపించాలా?
- రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, రాయగడ జిల్లా

జవాబు: అక్కర్లేదు హెడ్డుగారూ, రాయి తీసినవాడి చేతి మీద లాఠీ వేయండి, సురక్షా సంహిత 43వ సెక్షన్ మీ పక్షానే ఉంది, ఆత్మరక్షణ హక్కు మామూలు మనిషికి ఉన్నట్టే మీకూ ఉంది. కాలర్ పట్టుకున్నవాణ్ని కింద పడేసి చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నా నేను తప్పనను. ఇద్దరిని పది మంది మీదకి పంపినవాళ్లది అసలు తప్పు, ఆ కోపం మీకు ఉండటం న్యాయమే. సెలవు దొరకదు, నిద్ర ఉండదు, పండగొస్తే బందోబస్తు.

కానీ మీరు చెప్పింది సంతలో జరిగేది. నన్ను అడుగుతూ వచ్చే ఉత్తరాలు థానా లోపల జరిగేదాని గురించి. అక్కడ పది మంది ఉండరు, రాయి ఉండదు, ఒక్కడే ఉంటాడు, చొక్కా విప్పి కూర్చోబెట్టి ఉంటారు. సంతలో ఎత్తిన లాఠీకి మీరు కోర్టులో కారణం చెప్పగలరు. అక్కడ ఎత్తినదానికి ఏం చెబుతారు? నేరం ఒప్పుకున్నాడనా? పోలీసుకి చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు, కొత్త సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్, పాత చట్టంలో 25. మీ సర్వీసంతా తెలిసిన సంగతే ఇది. ఇంకొకటి, మీకు చెప్పేంతవాణ్ని కాదు గానీ, తాగినవాడు పట్టుబడ్డాక వాడి వీపు మీద మోకాలు పెట్టి బోర్లా నొక్కి ఉంచొద్దని మీ తర్వాతి కుర్రాళ్లకి చెప్పండి, ఊపిరాడక పోతారు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లమనండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. బజార్లో కొట్లాట జరిగితే వీణ్ని కూడా లాక్కెళ్లి, చేతులకి బేడీలు వేసి బజారంతా నడిపించారు. చిన్నపిల్లాడికి బేడీలు వేయొచ్చా సార్?
- ఒక తండ్రి, బరంపురం

జవాబు: వేయకూడదు. పద్దెనిమిది నిండని పిల్లలకి బేడీలు, గొలుసులు వేయకూడదని, బలప్రయోగం చేయకూడదని 2016 జువెనైల్ జస్టిస్ నియమాల్లో 8వ నియమం చెబుతోంది. లాకప్‌లో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు ఉంచాలి. చిన్న కొట్లాటలో పిల్లాడి మీద, పక్కన పెద్దవాళ్లు నిందితులుగా లేకపోతే, ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు, జనరల్ డైరీలో రాస్తారు. పెద్దవాళ్లకైనా బేడీలు పదేపదే నేరం చేసినవాళ్లకి, కస్టడీ నుంచి పారిపోయినవాళ్లకి, హత్య, అత్యాచారం, డ్రగ్స్ లాంటి కేసులవాళ్లకే. వయసు రుజువు కోసం స్కూలు సర్టిఫికెట్టో బర్త్ సర్టిఫికెట్టో జిరాక్స్ తీయించి, బేడీలు వేసిన సంగతి, ఎవరు చూశారన్నది ఒక కాగితం మీద రాసి, బోర్డు ముందు మొదటిసారి నిలబడ్డప్పుడే ఇవ్వండి. బజార్లో ఎవరో ఒకరు ఫోన్లో వీడియో తీసే ఉంటారు, అది సంపాదించండి, కానీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, పిల్లాడి మొహం బయటపెట్టడం చట్టరీత్యా తప్పు, అది మీరు చేసినా తప్పే.