రంగూన్ తెలుగువాళ్ళని అక్కడి జనమే తరిమేశారా?

విశాఖలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు ఎలా వచ్చింది, రంగూన్‌లో మనవాళ్ళని అక్కడి జనమే తరిమేశారన్నది నిజమేనా అని అడిగారు. మాది ఆ క్యాంపు కుటుంబమే. మా ముత్తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కి వెళ్ళి రంగూన్ రేవులో కళాసీగా బతికాడు, మామ్మ అక్కడే పుట్టింది. జనం కొట్టిన మాట నిజమే. అయితే మావాళ్ళు ఇల్లు వదలాల్సి వచ్చింది మాత్రం సర్కారు వల్ల, అదీ చాలా ఏళ్ళ తర్వాత.

1930 మే నెలలో రేవులో మన కళాసీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సరుకు దింపించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తీరా సమ్మె సర్దుబాటయ్యాక, మీరిక అక్కర్లేదని ఆ బర్మావాళ్ళని పంపేశాయి. మే 26న రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. అప్పటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు. సొంత రాజధానిలోనే పరాయివాళ్ళమైపోయామన్న బాధ బర్మావాళ్ళకి ఉండడం సహజం, దాన్ని నేను కాదనను. కానీ ఒకే పనికి ఇద్దరు పేదవాళ్ళని ఎదురెదురుగా నిలబెట్టిన కంపెనీలకి ఒక్క దెబ్బా తగల్లేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. ‘మేము బర్మన్లం’ అనే పేరుతో బర్మా జాతీయవాదుల దొబామా సంఘం పుట్టింది కూడా ఆ ఏడాదే.

1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు లక్షలమంది అడవుల వెంట నడిచి పారిపోయారు. మావాళ్ళు ఉండిపోయారు.

బర్మా స్వాతంత్ర్యోద్యమమంతా మనమీద ద్వేషంతోనే నడిచిందనుకోకండి. 1947 జూలై 19న ఆ ఉద్యమ నాయకుడు ఆంగ్ సాన్‌తో పాటు హత్యకు గురైన మంత్రుల్లో అబ్దుల్ రజాక్ ఉన్నాడు, ఆయన తండ్రి భారతీయుడు. అసలు దెబ్బ 1962 మార్చిలో జనరల్ నే విన్ గద్దెనెక్కాక పడింది. ఆ జూలైలోనే సైన్యం రంగూన్ యూనివర్సిటీ విద్యార్థుల మీద కాల్పులు జరిపి, మర్నాడు వాళ్ళ సంఘం భవనాన్ని పేల్చేసింది. 1964లో దుకాణాలు సర్కారువైపోయాయి, 50, 100 చాట్ల (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. తాత దాచుకున్నదంతా ఆ పెద్ద నోట్లలోనే. వాటికి బదులుగా ఇచ్చింది కొంతే. కత్తి పట్టుకుని ఎవరూ మా గుమ్మం తొక్కలేదని మామ్మ ఎప్పుడూ చెప్పేది. బతికే దారులు ఒక్కొక్కటీ మూసేస్తే ఎవరైనా ఓడెక్కక ఏం చేస్తారు? అలా మద్రాసుకీ, మన విశాఖకీ ఓడలు వచ్చాయి, అలా వచ్చినవాళ్ళదే ఈ బర్మా క్యాంపు.

మనవాళ్ళు వెళ్ళిపోతే అక్కడివాళ్ళ కడుపు నిండిందా? 1967లో బియ్యం కరువొచ్చి జనం మండిపోతున్నప్పుడు, అదే రంగూన్‌లో చైనావాళ్ళ ఇళ్ళ మీద పడ్డారు. మన గాజువాకలో, రేవు గేట్ల దగ్గర, ఒడిశా, బీహార్ కూలీల గురించి ‘వీళ్ళొచ్చి మన పనులు లాక్కున్నారు’ అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. తక్కువ కూలికి వాళ్ళని తెచ్చిన కాంట్రాక్టర్ పేరు ముందు చెప్పమంటాను.

మామ్మ చిన్నాన్న పిల్లలు బర్మాలోనే, మోల్‌మేన్ ఊరి వైపు ఉండిపోయారు. అక్కడి 1982 పౌరసత్వ చట్టం 1823కి ముందు నుంచీ స్థిరపడి ఉన్న జాతుల్ని మాత్రమే పుట్టుకతో పౌరులుగా లెక్కేసింది. ఇంగ్లీషువాళ్ళతో మొదటి యుద్ధం 1824లో మొదలైంది కాబట్టి, వాళ్ళ పాలనలో వెళ్ళిన కళాసీల సంతతి ఎవరూ ఆ లెక్కలోకి రారు. అక్కడ పుట్టిన మూడో తరం పిల్లలు కూడా తాతలు ఎప్పుడొచ్చారో కాగితాలు చూపించాల్సిందే.