తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నానా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీకి ఏడాదిగా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను కొత్త కోడలిని. అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని రాత్రంతా మేడ మెట్ల మీద కూర్చున్నాను. ఆ రాత్రి నన్ను వదల్లేదు. మా కంపెనీ సర్వర్లు (పెద్ద కంప్యూటర్లు) ఉండే డేటా సెంటర్ల కరెంటు, కాలుష్యం గురించి మీటింగుల్లో అడుగుతుంటే, మేనేజర్ ‘నీ పని చూసుకో’ అన్నారు. హోమ్ లోన్ ఉందని మావారికి ఒకటే టెన్షన్. అత్తయ్యగారేమో ‘తిన్నింటి వాసాలు లెక్కపెడతావా’ అంటున్నారు. నేను ఊరుకోవాలా?

జవాబు: ఊరుకోవద్దమ్మా. వాసాలు లెక్కపెట్టేవాడు ఆ ఇంటికి చెడు తలపెట్టినవాడు. మీరు చూస్తున్నది వాసానికి చెద పట్టిందేమోనని. ఈ మాట అత్తగారితో నెమ్మదిగా చెప్పండి.

మీవారి భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. అమెజాన్‌లో 2019లో 8 వేల మందికి పైగా ఉద్యోగులు వాతావరణ ప్రణాళిక కావాలంటూ బహిరంగ లేఖ మీద సంతకాలు పెట్టారు. సెప్టెంబర్ 20న పని ఆపి బయటికి వస్తామన్నారు. సరిగ్గా ముందురోజు, 2040 నాటికి నికర కర్బన ఉద్గారాలు సున్నాకు తెస్తామని కంపెనీ ప్రకటించింది. మరుసటి ఏడాది, ఆ ఉద్యమంలో ముందు నిలిచిన ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. బకాయి జీతం ఇచ్చేలా 2021లో రాజీ కుదిరింది. ఈ రెండో సగం కూడా మీవారికి మీరే చెప్పండి. ఇంకెవరి దగ్గరో వింటే ఆయన భయం అనుమానంగా మారుతుంది. ఈ ఆదివారం లోన్ కాగితాలు ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి. జీతం ఆగితే ఎన్ని నెలల కిస్తీ కట్టగలరో లెక్క వేయండి. ఆరు నెలలకు సరిపడా పక్కన పెట్టేదాకా మేనేజర్‌తో మాట పెంచుకోకండి.

ఇక ఆఫీసు సంగతి. డేటా సెంటర్ మీ మేనేజర్ చేతిలో లేదు. అందరి ముందూ అడిగితే ఆయనకు అది పరువు సమస్య అవుతుంది. ఆయన చేతిలో ఉన్నది అడగండి. మీ టీమ్ టెస్టింగ్ సర్వర్లు రాత్రిళ్లు, శని ఆదివారాలు ఊరికే నడుస్తున్నాయా? ఆపించండి. ముందు నెల బిల్లు, తర్వాతి నెల బిల్లు పక్కపక్కన పెట్టి చూపించండి. అది చూసి పక్క టీమ్ వాళ్లూ వస్తారు. పెద్ద ప్రశ్న వాళ్లతో కలిసే అడగండి, ఒంటరిగా వద్దు.

అడిగేది కూడా అంకెల్లో అడగండి. 2030కల్లా కార్బన్ నెగెటివ్ అవుతామని, అంటే గాలిలోకి వదిలే కర్బనం కన్నా ఎక్కువే తీసేస్తామని, మైక్రోసాఫ్ట్ 2020లో మాట ఇచ్చింది. 2024లో ఇచ్చిన నివేదిక చూస్తే ఉద్గారాలు 2020 కంటే సుమారు 29 శాతం పెరిగాయి. కొత్త డేటా సెంటర్ల నిర్మాణమే అందుకు ముఖ్య కారణం. అందుకే, ఇచ్చిన మాట కన్నా ఈ ఏడాది లెక్క ముఖ్యం. మీ కంపెనీ బయటపెట్టిన నివేదికలోని అంకెలే వాడండి. లోపలి కాగితం ఒక్కటి కూడా బయటికి పంపకండి.

ఒక్కటి అడుగుతాను. ఆ రాత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు అత్తగారు ఏమనుకున్నారో ఎప్పుడైనా అడిగారా? ఈసారి అడిగి చూడండి.