సబ్‌రొటీన్‌ని లూప్‌లో కలపాలా? ముందు కంపైలర్‌ని అడగండి

ప్రశ్న: సముద్ర ప్రవాహాల మోడల్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కోడ్ పాత ఫోర్ట్రాన్ 77. ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం తీసుకుని నీటి సాంద్రత చెప్పే సబ్‌రొటీన్‌ని గ్రిడ్‌లో ప్రతి బిందువుకీ లూప్ లోపలినుంచి పిలుస్తాం. రన్ చాలా నెమ్మది. పిలిచిన చోటల్లా ఆ కోడ్‌నే పెట్టేస్తే వేగం వస్తుందని మా సీనియర్ అన్నారు. ఆటోమేటిగ్గా చేసే టూల్ ఉందా?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఉందమ్మా, ముందు మీ కంపైలరే (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామే) ఆ టూల్. పిలిచిన చోటే సబ్‌రొటీన్ కోడ్‌ని పెట్టేయడాన్ని ఇన్‌లైనింగ్ అంటారు. జీసీసీ కంపైలర్ల కూటమిలోని జీఫోర్ట్రాన్ అయితే ఓ3 (-O3)తో పాటు ఎఫ్‌ఎల్‌టీఓ (-flto) ఆప్షన్ ఇవ్వండి. పాత కోడ్‌లో ఒక్కో సబ్‌రొటీన్ ఒక్కో ఫైల్‌లో ఉంటుంది, పక్క ఫైల్‌లో ఏముందో కంపైలర్‌కి కనబడదు. ఈ ఆప్షన్ ఉంటే లింక్ చేసేటప్పుడు, అంటే ఫైళ్లన్నిటినీ ఒక ప్రోగ్రామ్‌గా కలిపేటప్పుడు, అన్నిటినీ కలిపి చూస్తుంది. 2010లో జీసీసీ 4.5తో వచ్చింది. కంపైల్‌కీ లింక్‌కీ రెండింటికీ ఇవ్వాలి. కంపైల్ ఆదేశాలు రాసుకునే మేక్‌ఫైల్‌లో లింక్ లైన్‌ని చాలామంది మరిచిపోతారు. ఇంటెల్ కంపైలర్‌లో ఇదే పనికి ఐపీఓ (-ipo) ఆప్షన్ ఉంది.

కాల్‌కి అయ్యే ఖర్చు చిన్నదే. లూప్‌లో కాల్ ఉంటే మామూలుగా ఆ లూప్ వెక్టరైజ్ కాదు, అంటే ఒకే ఆదేశంతో చాలా బిందువుల లెక్క జరగదు, పెద్ద నష్టం అక్కడే. కాల్ పోతే ప్రాసెసర్‌ని బట్టి నాలుగేసి, ఎనిమిదేసి బిందువుల సాంద్రత ఒకేసారి లెక్కకట్టొచ్చు. అది జరిగిందో లేదో ఎఫ్‌ఆప్ట్-ఇన్ఫో (-fopt-info) ఆప్షన్ ఇచ్చే రిపోర్ట్ చెబుతుంది. ఎఫ్‌ఎల్‌టీఓ పెట్టాక ఆ రిపోర్ట్ లింక్ దగ్గర వస్తుంది.

చేత్తో కాపీ-పేస్ట్ మాత్రం దయచేసి వద్దు. సబ్‌రొటీన్ మధ్యలో రిటర్న్ ఉందనుకోండి. కాపీ చేసిన చోట అదే రిటర్న్ మీ ప్రధాన రొటీన్ నుంచే బయటికి తీసుకుపోతుంది, మిగతా గ్రిడ్ లెక్కే జరగదు. లోపల కూడా ఐ అనే లూప్ వేరియబుల్ ఉంటే బయటి ఐతో కలిసిపోతుంది. సేవ్ చేసిన వేరియబుల్ ఒక కాల్ నుంచి ఇంకో కాల్‌కి విలువ మోసుకెళ్తుంది, నాలుగు రొటీన్లలో అతికిస్తే నాలుగు వేర్వేరు వేరియబుల్స్ అయిపోతాయి. చాలాసార్లు ఎర్రర్ ఏదీ రాదు, అంకెలు మాత్రం తప్పుతాయి. నాకు భయమంతా దీని గురించే.

సోర్స్‌నే మార్చే టూల్స్ కూడా ఉన్నాయి. యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ తయారుచేసిన లోకి, బ్రిటన్ వాతావరణ శాఖ కొత్త మోడల్‌లో వాడుతున్న సైక్లోన్, రెండూ పైథాన్‌లో రాసినవే, రెండింటికీ ఇన్‌లైనింగ్ వచ్చు. జీపీయూకి (గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కి) మారే ఆలోచన ఉంటే అవి నేర్చుకోవడం మంచిది. అప్పుడైనా సైన్స్ మార్పులన్నీ అసలు కోడ్‌లోనే చేయండి, టూల్ ఇచ్చిన కాపీని ముట్టుకోవద్దు.

ఇన్‌లైన్ అయ్యాక ఫలితంలో చివరి అంకెలు కాస్త మారొచ్చు. లెక్కల వరుస మారడం వల్ల వచ్చే తేడా అది, టెన్షన్ పడకండి. తేడా మొదటి మూడు నాలుగు అంకెల్లోనే కనిపిస్తే మాత్రం ఆగి వెతకండి.

రిపోర్ట్‌లో మీ సబ్‌రొటీన్ పేరు పక్కన ఏం రాసిందో పంపండి. సైజు ఎక్కువని కంపైలర్ కాదంటే ఆ పరిమితి పెంచే ఆప్షన్ ఎలా వాడాలో వచ్చే సంచికలో చెబుతాను.